వెన్న కరగని సీటు

ఏప్రిల్ 3

పిన్నికి,

నేను బాగున్నాను. నువ్వు ఎలాగూ బాగానే ఉంటావు కాబట్టి అడగడం లేదు. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు మాట రాదు, నీకు మాట ఆగదు. చివరికి రెండువైపులా నువ్వే మాట్లాడి పెట్టేస్తావు. కాగితం మీదయితే నా వంతు నాకు దక్కుతుంది.

పెళ్ళయి మూడు నెలలు. ఈ ఇంట్లో నేను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తప్పంతా నాది కాదు. ఉన్నది ఇద్దరు మగాళ్ళు, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. రెండేళ్ళయిందట. మామయ్యగారు వీధి చివర కొట్లో ఇనప బీరువాలు చేస్తారు. మా ఆయన ఆ పని వదిలేసి ఇంటి వెనక షెడ్డులో బళ్ళు బాగుచేస్తారు. గొడవల్లా అదే. అయినా రోజూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తింటారు. "వాడికి చెప్పమ్మాయ్, కుళాయి కారుతోందని" అంటారు మామయ్యగారు. "నాన్నకి చెప్పు, సాయంత్రం చూస్తానని" అంటారు మా ఆయన. నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఇటోసారి, అటోసారి తల ఊపుతాను. కబురు చేరిపోతుంది. ఇంత తేలికైన ఉద్యోగం నీ బేకరీలో కూడా దొరకలేదు నాకు.

ఒకటి గమనించాను. మామయ్యగారు కొట్టు మూసి వచ్చేటప్పుడు ఎదురుగా వీధి గుమ్మం ఉండగా, చుట్టూ తిరిగి షెడ్డు పక్క సందులోంచి వస్తారు. అక్కడ చెప్పులో రాయి దూరినట్టు కాసేపు ఆగుతారు. రోజూ రాయి దూరుతుందా పిన్నీ?

ఒక్క సంగతి అడగాలి. నేను అయిదో తరగతి మానేసి నీ దగ్గర పిండి పిసకడానికి వచ్చిన ఏడు, నీ పొయ్యి గది గోడకి చెయ్యి ఆనిస్తే బొబ్బ వచ్చింది. తర్వాత ఆ వేడి బాగా తగ్గింది. ఏం చేశావు? ఎందుకని అడక్కు. <u>ఊరికే</u>.

నీ
పలకని చిలక


ఏప్రిల్ 11

చిలకమ్మకి,

"ఊరికే" అని రాసి కింద గీత గీశావు. ఊరికే అడిగేవాళ్ళు గీతలు గియ్యరు. నాకు అర్థమైపోయింది. నువ్వక్కడ బేకరీ పెడుతున్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గాని, ఆ వాసాల కొలత ఉత్తరం రాసి అడిగేదాన్ని నిన్నే చూశాను.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. పొయ్యి పైన కప్పు రేకు ఒకటి పీకించేశాను. అంతే. వేడికి పైకి పోవడం తప్ప ఇంకో విద్య రాదు. దారి ఇస్తే దానంతటదే పోతుంది. ఇంకో రెండు కిటుకులు ఉన్నాయి, అవి చెప్పను. పోటీకి వచ్చేదానికి అన్నీ చెప్పేస్తే రేపు నేనేం అమ్ముకోను?

నీ మొగుడు ఒప్పుకున్నాడా? నిన్ను చూడ్డానికని వచ్చి, నిన్ను చూడకుండా నా రొట్టెల బండి కింద దూరి నట్లు బిగించినవాడు. కారుపిచ్చోడు వద్దే అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. విన్నావా? ఇప్పుడు బేకరీ పెట్టి నువ్వే పోషించాలేమో. ఆరు పాత రొట్టె అచ్చులు పార్సిలు వేశాను. ఏడుస్తూనే వేశాను.

మన పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది, అదీ మైదా బస్తా మీద. ఆ బస్తా ఎవరికి అమ్మాలో తెలియడం లేదు.

పోటీదారు
పిన్ని


ఏప్రిల్ 24

పిన్నీ,

ముందు కూర్చో. నేను బేకరీ పెట్టడం లేదు. నేనడిగింది కారు గురించి. కారు అని రాస్తే "చెప్పానా" అంటావని రాయలేదు. ఆ ఒక్క మాట దాచినందుకు ఎంత జరిగిందో చెప్తాను, తిట్టడం చివర్లో పెట్టుకో.

మా ఆయన షెడ్డులో ఒక ఎర్ర స్పోర్ట్సు కారు ఉంది. పాతది, ఆయన సొంతది, తుక్కులోంచి తెచ్చి మూడేళ్ళు కూర్చుని నిలబెట్టారు. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తులో, కూర్చుంటే స్నానాల తొట్టెలో కూర్చున్నట్టు ఉంటుంది. ఏటా జూన్‌లో ఇక్కడ కొండ ఎక్కే పందెం జరుగుతుంది. కారులో ఇద్దరు ఉండాలి. ఒకరు నడపాలి, రెండోవాళ్ళు కాగితం చూసి ముందు వచ్చే మలుపులు అరిచి చెప్పాలి. ఆయన పక్కన బక్కోడని ఆయన స్నేహితుడు కూర్చునేవాడు. నిరుడు సగం కొండ ఎక్కాక బక్కోడు కారు ఆపించి దిగి, తాగే నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని రాయి మీద కూర్చున్నాడట. మళ్ళీ ఎక్కలేదు. లోపల అంత వేడి.

అప్పుడే మామయ్యగారు ఒక మాట అన్నారు, నేను వచ్చాక ఇంకోసారి అన్నారు. ఈ ఏడు కూడా కారు కొండపైకి చేరకపోతే దాన్ని అమ్మేసి, వచ్చి బీరువా రేకులు వంచాలి. ఆయన నాతో చెప్పారు, మా ఆయన నాతో ఒప్పుకున్నారు. నేను రెండుసార్లు తల ఊపాను. ఆ ఒప్పందం నా మెడ మీదుగానే కుదిరింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకుని అన్నాను: "కప్పు తీసేస్తే వేడి పోతుంది." ఆ బల్ల దగ్గర నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం. ఇద్దరూ ముద్ద ఆపి చూశారు. మా ఆయన కళ్ళల్లో వెలుగు చూడాలి నువ్వు. మూడు నెలల తర్వాత పెళ్ళాం నోరు విప్పితే అది కారు గురించి. మర్నాడు పొద్దున్నే కోత మిషను చప్పుడు వినబడింది. సాయంత్రానికి కప్పు గోడకి ఆనించి ఉంది.

మొదటి రోజు మహా సంబరం. జుట్టంతా గాలికి ఎగురుతూ వచ్చారు. రెండో రోజు వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే తలుపు దానంతటదే తెరుచుకుంది. మూడో రోజు ఒక చక్రం అరుగు మీదకి ఎక్కించి ఆపితే తలుపులు రెండూ బిగుసుకుపోయాయి, ఆయన పైనుంచి దూకి బయటపడ్డారు. నాలుగో రోజు ముందు అద్దం మూలన బీట. కారు మొత్తం నడుం విరిగిన మంచంలా ఊగుతోంది. పోనీ వేడి తగ్గిందా అంటే, తలకి చల్లగా ఉంది, కాళ్ళు మాత్రం ఎప్పట్లాగే కాలుతున్నాయి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే బాధ. అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఇంకొకటి ఉంది. నీకు కూడా చెప్పేదాన్ని కాదు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ రెండో సీటు కనబడుతుంది. నాకు అందులో కూర్చుని ఆ కొండ ఎక్కాలని ఉంది. నవ్వకు. కారు అమ్మేస్తే సీటూ పోతుంది.

కారు నడుం విరిచిన
చిలక


మే 2

నోరు లేని దానా, నోరు విప్పి ఎంత పని చేశావే,

నవ్వాను. క్షమించు. బన్నుల ట్రే కింద పెట్టి మరీ నవ్వాను. తర్వాత సిగ్గేసింది, ఎందుకంటే ఆ కప్పు కోసింది అల్లుడు కాదు, నేను. రెండు కిటుకులు దాచుకుని ఒకటి చెప్పినందుకు దేవుడు నా మొహాన కొట్టాడు. ఇప్పుడు అన్నీ చెప్తాను.

నా పొయ్యి గదికి నాలుగు గోడలున్నాయి. పైన ఒక రేకు పోతే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీ కారుకి గోడలెక్కడివి, ఉన్నవన్నీ తలుపులే. కప్పు నీడ కోసమే అనుకున్నారు మీరిద్దరూ. ఒక కేకు పెట్టె తీసుకో. మూత మూసి, ఎదురు మూలలు పట్టుకుని మెలిపెట్టు. తిరగదు. మూత కోసేసి మెలిపెట్టు. తడిగుడ్డలా తిరుగుతుంది. మీరు చేసింది అదే.

మూడంతస్తుల కేకుకి మూత పెట్టలేం కదా, మరి నేనేం చేస్తాను? పక్క అంచులు రెండు మడతలు మడిచి గొట్టంలా చేస్తాను. అడుగున ఈ మూల నుంచి ఆ మూలకి రెండు గట్టి అట్టలు, ఒకదాని మీదుగా ఒకటి ఏటవాలుగా అంటిస్తాను. ఇద్దరు మోసుకెళ్ళినా కేకు బీట తియ్యదు. కారుకి కూడా తలుపుల కింద గడప లాంటిది ఉంటుంది కదా, అదే అంచు అనుకో.

ఇక వేడి. పొయ్యి మీద కూర్చుని ఎండని తిడితే ఎలా? ముందు వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కో. పొయ్యిలో ఏ మూల ఎక్కువ కాలుతోందో చూడ్డానికి నేను వెన్న ముద్దలు పెడతాను, గుర్తుందా? ఏది ముందు కరిగితే అక్కడ తప్పు. రెండో కిటుకు నా పొయ్యి తలుపు. అది ఒక రేకు కాదు, రెండు. మధ్య వేలు దూరేంత ఖాళీ. ఆ ఖాళీలో గాలి తప్ప ఏమీ లేదు, ఆ గాలే కాపలా. లోపలి రేకు ఎర్రగా కాలినా బయటిదాని మీద పిల్లి పడుకుంటుంది. కన్నాలుంటే మూసెయ్యి. వేడి దొంగ లాంటిది, దారం దూరే సందు చాలు.

అచ్చులు తిరిగి పంపకు. ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు లేదు నాకు.

ఆ సీటు సంగతి చదివి మాత్రం నవ్వలేదు. అల్లుడికి చెప్పు.

పిన్ని


మే 10

పిన్నికి వెన్నంత మెత్తగా నమస్కారం,

వెన్న పెట్టాను. తొమ్మిది ముద్దలు, తొమ్మిది కాగితం ముక్కల మీద, ఏది ఎక్కడో రాసి పెట్టుకుని. ఆయన పెట్రోలుకి వెళ్ళే ముందు సీట్ల కిందా, గేరు పక్కనా, కాళ్ళ దగ్గరా అంటించాను. తిరిగి వచ్చాక చూస్తే సీట్ల కిందవి గట్టిగా ఉన్నాయి. గేరు పక్కది కాస్త మెత్తబడింది. ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్య ఉండే రేకు గోడకి పెట్టింది సగం జారింది. అక్కడ వైర్లు దూరే కన్నాలు నాలుగున్నాయి, ఒక దాంట్లో నా బొటనవేలు పట్టింది. పక్క సీటు వాళ్ళు కాళ్ళు పెట్టేచోట ముద్ద లేదు, మరక ఉంది. వంగి కింద చూశాను. సరిగ్గా ఆ చోటు కిందే పొగ గొట్టం, కారు అడుగుకి అంటుకున్నట్టే పోతోంది. బక్కోడు ఏడాదికోసారి పెనం మీద కాళ్ళు పెట్టి కూర్చున్నాడన్నమాట.

మర్నాడు కారు నిండా చీమలు. మా ఆయన చీమల వరస పట్టుకుని వెళ్ళి సీటు కింద వెన్న కాగితాలు చూశారు. నేను దొంగతనంగా కారులో కూర్చుని రొట్టె, వెన్న తింటున్నానని అనుకున్నారు. "ఆకలేస్తే వంటింట్లోనే తినొచ్చు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు" అని ఎంతో దయగా చెప్పారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఒక బిస్కెట్ల పొట్లం తెస్తున్నారు. కాదని చెప్పడానికి నోరు రాక తింటున్నాను. చెప్పేలోపు లావెక్కేలా ఉన్నాను.

కేకు పెట్టె మాత్రం చూపించాను. మాటలు అక్కర్లేని పని కదా. షెడ్డులో ఆయన ముందు నిలబడి మూత పెట్టి తిప్పాను, మూత తీసి తిప్పాను. పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని ఆయన కూడా తిప్పారు. పది నిమిషాలు అలా ఇద్దరం పెట్టె తిప్పుకుంటూ నిలబడ్డాం. తర్వాత జాకీతో కారు ఒక మూల ఎత్తారు. అంతకుముందు తలుపు పక్క సందులో పెన్సిలు దూరేది. మూల ఎత్తగానే గోరు కూడా దూరలేదు. ఆయన నేల మీద చతికిలబడి, "కారు కాదిది, అట్టపెట్టె" అన్నారు.

అంచు మడతలు, ఏటవాలు పట్టీలు, రేకు వెనక రేకు, అన్నీ కాగితం మీద గీసి చూపించాను. ఆయనకి తెలిసిపోయింది. కానీ గడపలకి కావలసినంత దళసరి రేకు చేత్తో వంగదు. వంచే ప్రెస్సు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, మామయ్యగారి కొట్లో. మా ఆయన వెళ్ళి అడగరు. అడక్కుండా మామయ్యగారు ఇవ్వరు. నేను తల ఊపి చెప్పగలిగిన కబురు కాదిది.

ఒక ఉపాయం తోచింది, నీ పెంపకమే. మామయ్యగారు పనితనం మీద మాట పడనివ్వరు. ఎక్కడికి వెళ్ళినా అక్కడి బీరువా తలుపు మూడుసార్లు తెరిచి మూసి, పెదవి విరిచి గాని కూర్చోరు. నువ్వు నాకు ఒక ఉత్తరం రాయి. ఇనప బీరువాల వాళ్ళకి ఈ పని చేతకాదని. నేను దాన్ని ఆయన కంటబడేలా మర్చిపోతాను.

బిస్కెట్లు నములుతూ
చిలక


మే 17

ఇది నీకు. చదివి దాచెయ్యి. రెండో కాగితం ఆయన కోసం.

చిలకా, నీకు కొమ్ములు మొలిచాయి. సంతోషం. అడిగినట్టే తిట్టి రాశాను, తిట్లకి నాకు కొదవేముంది. కానీ ఒక మాట. చెప్పులో రోజూ రాయి దూరే మనిషికి కావలసింది తిట్టు కాదు, పిలుపు. రెండేళ్ళుగా కొడుకు ఒక్క కేక వేస్తాడేమోనని ఆ సందులో ఆగి చూస్తున్నాడు. ఆయన చల్లటి చోట పెట్టిన పిండి లాంటివాడు. గట్టిగా, మొండిగా కనబడతాడు. కాస్త వెచ్చటి చోటు చూపిస్తే దానంతటదే పొంగుతుంది. పిలిచే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి తిట్టే పంపుతున్నాను.

ఇంకోటి. ఆ సీట్లో కూర్చుని కొండ ఎక్కాలని ఉందని అల్లుడికి ఇంకా చెప్పి ఉండవు. నిన్ను పెంచినదాన్ని, నాకు తెలీదా? పదేళ్ళప్పుడు బన్ను కావాలని అడగలేక బన్నుల గంప పక్కనే నిద్రపోయావు. అది చూసి నేనే తీసి చేతిలో పెట్టాను. అన్నిసార్లూ చూసేవాళ్ళు ఉండరే.

పిన్ని


మే 17

అమ్మాయికి,

కారు గడపల విషయం అడిగావు. మీ మామగారి కొట్లో మాత్రం చేయించకండి. ఇనప బీరువాల వాళ్ళకి తెలిసిందల్లా రేకుకి రంగు పూసి తాళం బిగించడం. మా బేకరీలో ఇనప బీరువా ఒకటుంది, మోకాలితో తన్నితే గాని తలుపు పడదు. ఎవరు చేశారో గాని మీ మామగారి చుట్టాలే అయి ఉంటారు. ఇలాంటి పనికి చెక్కే సరి. మా వీధి వడ్రంగిని పంపిస్తాను, కారుకి చెక్క గడపలు బిగించి వెళ్తాడు. పెద్దాయన్ని శ్రమ పెట్టొద్దు. ఈ వయసులో ఆయన ప్రెస్సూ, ఆయనా ఇద్దరూ తుప్పు పట్టి ఉంటారు.

ఇట్లు,
పిన్ని


మే 27

పిన్నీ,

చెక్క గడపలు చదివి నోరు నొక్కుకుని నవ్వాను. రెండు కాగితాలూ నాలుగు మడతలు పెట్టి, ఒకటి పిండి డబ్బాలో దాచాను, ఒకటి మామయ్యగారి కళ్ళజోడు పెట్టె కింద మర్చిపోయాను. సాయంత్రానికి పెట్టె కింద కాగితం లేదు.

నిప్పులు కక్కుతారని చూశాను. ఏమీ లేదు. మర్నాడు పొద్దున టీ తాగి, నా వంక చూసి, "టీ బాగుందమ్మాయ్" అన్నారు. ఆ రోజు పంచదార వెయ్యడం మర్చిపోయాను. తర్వాత కొలత టేపు తీసుకుని నేరుగా షెడ్డులోకి నడిచారు. చెప్పులో రాయి లేదు. మా ఆయన కారు కింద పడుకుని ఉన్నారు. మామయ్యగారు అక్కడున్న నా బొమ్మల కాగితం చూసి, గడప కొలిచి, తలుపు మూడుసార్లు తెరిచి మూసి, "వాడికి చెప్పు, ఇది వీపు రేకు లేని బీరువా అని" అన్నారు. కారు కింది నుంచి గొంతు వచ్చింది: "నాన్నకి చెప్పు, తెలుసని." నేను తల ఊపాను. ఒకరు కింద ఉన్నారు, నా తల కనబడలేదు. అయినా ఊపాను, అలవాటు.

మూడు రోజులు ప్రెస్సు ఆడింది. తలుపుల కింద రెండు పెట్టె గడపలు, ఒక్కోటి నా నడుము ఎత్తంత పొడవు, చివర్ల మూతలతో సహా. అడుగున మూల నుంచి మూలకి ఏటవాలు పట్టీలు. సీట్ల వెనక దళసరి గొట్టంతో కమాను. వెల్డింగు దగ్గర పట్టీ జారబోతే మామయ్యగారు "పట్టుకో" అన్నారు. నాతో కాదు. మా ఆయనతో. రెండేళ్ళలో మొదటి మాట. ఆయన పట్టుకున్నారు. ఇద్దరూ పట్టీ వైపే చూస్తున్నారు, మొహాలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. వెల్డింగు వెలుగేమో.

నీ అచ్చులు ఏమయ్యాయో చెప్పనా? మామయ్యగారు ఆరింటినీ సాపు చేసి, పొగ గొట్టానికీ కారు అడుగుకీ మధ్య వేలెడు ఖాళీ ఉంచి బిగించారు. రేకు గోడకి కన్నాలన్నీ మూశారు. మళ్ళీ వెన్న పెట్టాను. కాళ్ళ దగ్గరది కూడా నిలిచింది. మా ఆయన చూసి ఇంకో బిస్కెట్ల పొట్లం తెచ్చారు.

నిన్న మూల ఎత్తి చూశాం. పెన్సిలు దూరే సందు పెన్సిలు దూరేలాగే ఉంది.

ఇప్పుడు ఒక్కటే లోటు. బక్కోడు వచ్చి కారు లోపల కాళ్ళు పెట్టేచోట చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉందని ఒప్పుకున్నాడు, అయినా ఎక్కనన్నాడు. తన కాళ్ళకి జ్ఞాపకశక్తి ఎక్కువట. మా ఆయన మంగలిని అడిగారు, పోస్ట్‌మాన్‌ని అడిగారు. నన్ను అడగలేదు. ఇంజను స్టార్టు చెయ్యగానే నేను వంటింట్లోకి పరిగెడతానని, కారంటే భయమని ఆయన నమ్మకం. భయం కాదు పిన్నీ. అక్కడే ఉంటే మొహం చూసి కనిపెట్టేస్తారని. "వాడికి చెప్పు, బరువు తక్కువ మనిషిని చూసుకోమని" అన్నారు మామయ్యగారు. ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది.

చిలక


జూన్ 3

చిలకా,

కారుకి దారులన్నీ మూసి వేడి ఆపారు. నీ నోటికి కూడా అలాగే బిగించుకున్నావా? ఇది అందిన రోజే చెప్పు. లేకపోతే నేనే ఫోను చేసి అల్లుడికి చెప్తాను, బన్నుల గంప కథతో సహా. దుకాణంలో జనం ఉన్నప్పుడు చేస్తాను.

పిన్ని


జూన్ 16

పిన్నీ,

నా గొంతు పోయింది. పోయిందంటే నిజంగానే. మాట బయటికి రావడం లేదు, రెండు రోజులుగా తల ఊపుతున్నాను. ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

నీ బెదిరింపు అందిన సాయంత్రం భోజనాల దగ్గర జరిగింది చెప్తాను. మామయ్యగారు చారు గిన్నె వైపు చూస్తూ, "వాడికి చెప్పమ్మాయ్, ఆ పక్క సీటు నాలుగు వేళ్ళు ముందుకి జరిపి బిగించానని" అన్నారు. మా ఆయన విసుగ్గా, "నాన్నని అడుగు, అంత పొట్టి కాళ్ళు ఎవరివని" అన్నారు.

నేను అటు చూడలేదు, ఇటు చూడలేదు.

"నావి" అన్నాను.

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా, వెన్న కాగితాలు, చీమలు, బిస్కెట్లు అన్నీ ఒక్కొక్కటే ఆయన మొహంలోకి వచ్చాయి. "మరి ఇన్నాళ్ళూ ఆ బిస్కెట్లు ఎందుకు తిన్నావు?" అన్నారు. అంతే అడిగారు. ఆ రోజు నుంచి రోజూ ఆ మలుపుల కాగితం అప్పజెప్పించుకున్నారు.

పందెం చెప్తాను. గీత దగ్గర నా గొంతు ఎప్పట్లాగే ఉంది, అంటే లేదు. మొదటి మలుపు నా ఒళ్ళో కాగితానికి చెప్పాను. ఆయనకి వినబడలేదు, కారు గడ్డిలోకి పోయి వచ్చింది. రెండోది కాస్త పైకి చెప్పాను. మూడో మలుపు లోయ అంచు పిన్నీ. అక్కడ నేను అరిచిన అరుపు కొండ కింద టీ కొట్టువాడికి వినబడిందట. ఆ తర్వాత ఆపలేదు. ఎడమ అని అరిచాను, కుడి అని అరిచాను, నెమ్మది అని అరిచాను, ఆయన వినకపోతే చెవిటివాడా అని కూడా అరిచాను. మొగుడి మీద అరవడానికి జనం టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టే చోటు అదొక్కటే అనుకుంటా. తలుపు తెరుచుకోలేదు. అద్దం బీట పెరగలేదు. కాళ్ళు కాలలేదు. పందొమ్మిది కార్లలో పదహారోది మాది. కానీ పైకి చేరాం.

కాలి పక్కన కాగితంలో ఒక వెన్న ముద్ద పెట్టుకున్నాను, నా బొటనవేలి గుర్తు వేసి. పైన విప్పి చూస్తే ఆ గుర్తు అలాగే ఉంది. అది రొట్టెకి రాసి ముగ్గురం తిన్నాం.

ముగ్గురం అన్నాను కదా. మామయ్యగారు పొద్దున్నే బస్సెక్కి పైకి వచ్చి నిలబడ్డారు. కారు ఆగగానే కొడుకు మొహం చూడలేదు, నా మొహం చూడలేదు. ఒక్క వేలితో నా వైపు తలుపు తెరిచారు, మూశారు. మూడుసార్లు. పెదవి విరవలేదు. తర్వాత తలుపు బందు దగ్గర సందులోంచి చిన్న కాగితం మడత లాగి నా చేతిలో పెట్టి, "తలుపు కాస్త వణుకుతుంటే పెట్టాను. ఇంక అక్కర్లేదు. నీ కాగితం నువ్వు తీసుకో" అన్నారు.

విప్పాను. మొదటి మాటే "ఇది నీకు. చదివి దాచెయ్యి."

పిన్నీ, నేను కళ్ళజోడు పెట్టె కింద మర్చిపోయింది నీ తిట్ల కాగితం కాదు. చల్లటి పిండి, చెప్పులో రాయి, కొడుకు కేక, నా సీటు, బన్నుల గంప, అన్నీ ఆయన ఆ రోజే చదివేశారు. అది చదివే టేపు పట్టుకుని షెడ్డులోకి నడిచారు. అది చదివే సీటు నాలుగు వేళ్ళు జరిపారు. నేను కొండ మీద అందరి ముందూ ఏడ్చాను. మా ఆయన కాళ్ళు కాలాయనుకుని నీళ్ళు తెచ్చి పోశారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఇంటికి వచ్చాక మామయ్యగారు, "రెండో కాగితం కూడా ఉందన్నావే, మీ పిన్ని నన్నేమని తిట్టిందో చూద్దాం" అన్నారు. నేను అనలేదు, నువ్వే రాశావు దాంట్లో. పిండి డబ్బాలోంచి తీసి ఇచ్చాను. నవ్వుతూ మొదలుపెట్టారు. మోకాలితో తన్నడం దగ్గర నవ్వు ఆగింది. చెక్క గడపలు రెండుసార్లు చదివారు. తుప్పు దగ్గర కళ్ళజోడు తీసేశారు.

అప్పట్నుంచి కొట్లోనే ఉన్నారు. మా ఆయన కూడా వెళ్ళారు, పట్టుకోవడానికి. మామయ్యగారు నన్ను పిలిచి, "మీ పిన్నికి రాయమ్మాయ్" అన్నారు. రాస్తున్నాను.

లారీలో బీరువా వస్తోంది. ఎత్తు ఆరడుగులు, వీపు రేకు రెండు పొరలు. పాతది బయట పారేసి చోటు చేసి ఉంచు. తలుపు ఒక్క వేలితో మూడుసార్లు తెరిచి మూసి, ఎలా ఉందో నిజం రాయి. ఈసారి ఒకే కాగితం రాయమన్నారు.

గొంతు పోయిన
నీ చిలక